గడ్డం తీసేసిన గుమాస్తా: నగీబ్ అల్ రిహానీ

మీరు అడిగింది ఇదీ: గల్ఫ్‌లో మీ అన్నయ్య ఇంట్లో ఒక పాత నలుపు తెలుపు అరబ్బీ సినిమా చూశారు, అందులో ముసలి మాస్టారు ఒకాయన పాట వింటూ ఏడుస్తుంటే భాష రాకపోయినా మీకూ కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ నటుడి పేరు నజీబ్ రిహానీ అన్నారు. ఆయన్ని ఈజిప్టు చాప్లిన్ అంటారట, అది నిజమేనా, ఆయన కథేమిటి, ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని.

నేను కువైట్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్లో 18 ఏళ్ళు పనిచేశాను. నా చుట్టూ కూర్చున్న వాళ్ళలో సగం మంది ఈజిప్టు వాళ్ళే. శుక్రవారం సాయంత్రాలు మా పెద్దాయన ఒకరి గదిలో ఈ సినిమాలు పెట్టేవారు. ఆయన ముందే డైలాగు చెప్పేసి, తర్వాత తెర మీద అదే మాట వస్తే మళ్ళీ కొత్తగా నవ్వేవారు. నాకు అరబ్బీ వచ్చింది కూడా సగం అక్కడే. చిన్నప్పుడు మా నాన్న వెంట పరిషత్తు నాటకాలకి తిరిగిన పిచ్చి ఉంది కాబట్టి రిహానీ మీద దొరికింది దొరికినట్టు చదివాను. తెలిసినంతలో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోవద్దు.

ముందు పేరు. ఈజిప్టు వాళ్ళు 'జ'ని 'గ' అని పలుకుతారు. పుస్తకాల్లో నజీబ్ అయినా కైరో వీధిలో నగీబ్. నేను అలాగే రాస్తాను.

ఇక చాప్లిన్ సంగతి. ఆ పోలిక నాకు అస్సలు నచ్చదు. చాప్లిన్ ఒంటితో నవ్వించాడు, రిహానీ నోటితో నవ్వించాడు. కాస్త బొంగురుగా, విసుగూ జాలీ కలిసిన గొంతు ఆయనది. ఎవరైనా తనని అవమానిస్తే ముందు "అవునండీ" అని ఒప్పుకుని, రెండు మాటల తర్వాత అదే అవమానాన్ని వాళ్ళ ఒళ్ళోకి తిప్పి పెడతాడు. మూకీ సినిమాలో రిహానీని ఊహించలేం. ఈజిప్టు వాళ్ళు పెట్టుకున్న బిరుదే బాగుంటుంది: 'అద్దాహిక్ అల్ బాకీ'. నవ్వుతూ ఏడ్చేవాడు అని.

నా మటుకు నేను ఆయన్ని అర్థం చేసుకున్నది ఒక్క మాటతో: గుమాస్తా. ఆయన నిజంగా గుమాస్తా. ఉద్యోగాలు పోగొట్టుకున్న గుమాస్తా. మధ్యలో అబద్ధపు గడ్డం పెట్టుకుని డబ్బున్న పల్లెటూరి పెద్దమనిషిగా దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత జీవితమంతా ఆ గడ్డం తీసేసి మళ్ళీ గుమాస్తా కావడానికే పోరాడాడు. మీరు చూసిన ఆ మాస్టారు ఆ పోరాటం చివర దొరికిన మొహం.

1889లో కైరోలోని బాబ్ అల్ షరియా పేటలో పుట్టాడు. అది పాత కైరో, ఇరుకు సందులు, చిన్న వ్యాపారాల చోటు. తండ్రి ఇరాక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు, గుర్రాల వ్యాపారం. తల్లి ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవురాలు. చదువు ఫ్రెంచి క్రైస్తవ బ్రదర్ల బడిలో. ఈ ఫ్రెంచి చదువు గుర్తుంచుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

చదువు ముగించి వ్యవసాయ బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. అక్కడ పక్క బల్ల మీద అజీజ్ ఈద్ ఉన్నాడు. ఈజిప్టు నాటకరంగానికి దర్శకుడు అన్న మాటకి అర్థం తెచ్చినవాళ్ళలో ఈ అజీజ్ ఈద్ ముందుంటాడు. ఇద్దరూ ఆఫీసు ఎగ్గొట్టి నాటకాల చుట్టూ తిరిగారు. బ్యాంకు వాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? ఉద్యోగం ఊడింది.

అలెగ్జాండ్రియాలో ఒక కంపెనీలో చేరి చార్లమేన్ చక్రవర్తి వేషం వేశాడట. జనం బాగా మెచ్చుకున్నారు. మర్నాడే కంపెనీ యజమాని పిలిచి నీ సేవలు చాలన్నాడు. తన కంపెనీలో తనకన్నా ఎక్కువ చప్పట్లు పడిన కుర్రాణ్ణి ఏ యజమాని ఉంచుకుంటాడు? మన దగ్గర నాటక సమాజాల్లో తిరిగిన వాళ్ళకి ఈ కథ కొత్తేం కాదు. ఇదీ, దీని తర్వాతదీ ఆయనే తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నవి. కాస్త ఉప్పూ కారం చల్లి ఉంటాడు కూడా.

తర్వాత ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాదీ పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా పని. అక్కడా నిలవలేదు. ఒకసారి పోయి, మళ్ళీ చేరి, మళ్ళీ వదిలి కైరో వచ్చాడు. అప్పటి పెద్ద విషాద నటుడు జార్జి అబ్యద్ కంపెనీలో ఆస్ట్రియా రాజు వేషం దొరికింది. పన్నెండో శతాబ్దపు సుల్తాను సలాహుద్దీన్ మీద గంభీరమైన చారిత్రక నాటకం. మనవాడు అప్పట్లో బతికున్న ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పోలికలో మీసాలూ గడ్డమూ అచ్చుగుద్దినట్టు దిద్దుకుని రంగం మీదికి వచ్చాడు. హాలంతా గొల్లుమంది. మళ్ళీ ఉద్యోగం పోయింది.

ఈ సంఘటన దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. ఆయనకి కావలసింది ఏడిపించడం. కామెడీ ఆయన కోరుకున్నది కాదు, మెడకి పడింది.

1916 నాటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. కైరో నిండా బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికులు. వాళ్ళ జేబుల్లో జీతాలు, ఇమాదుద్దీన్ వీధి నిండా క్యాబరేలు, నాటకశాలలు. అప్పుడే ఈజిప్టు పత్తి ధర కూడా పైకి లేచింది. పల్లెల్లో భూములున్న ఆసాములు పత్తి అమ్మిన డబ్బు సంచితో పట్నం వచ్చి, ఆ క్యాబరేల్లో తగలేసి, ఖాళీ చేతులతో ఊరికి పోవడం రోజూ కనిపించే దృశ్యం. రిహానీ మాత్రం పనిలేక నటులు చేరే కాఫీ హోటళ్ళలో కూర్చున్నాడు.

ఇస్తఫాన్ రోస్తీ అనే మిత్రుడు అబ్బే దె రోజ్ అనే క్యాబరేలో పనిచేస్తూ ఈయన్నీ అక్కడికి లాక్కెళ్ళాడు. చిన్న చిన్న ఐటమ్స్. ఒక తెల్లవారుజామున సగం నిద్రలో జుబ్బా, కఫ్తాను, పెద్ద పల్లెటూరి తలపాగా కట్టుకున్న ఒక మనిషి నీడలాగా తన ఎదుట కనిపించాడని రిహానీ రాసుకున్నాడు. వెంటనే తమ్ముణ్ణి లేపి, తను చెప్తుంటే రాయమన్నాడట. అలా పుట్టినవాడు కిష్‌కిష్ బే. కఫ్ర్ అల్ బల్లాస్ అనే ఊరికి ఉమ్దా, అంటే మన మునసబు లాంటివాడు. పత్తి డబ్బుతో కైరో వస్తాడు, ఆడవాళ్ళ వెంట పడతాడు, ఫ్రెంచి ముక్కలు రాక తంటాలు పడతాడు, అంతా పోగొట్టుకుని ఇక బుద్ధిగా ఉంటానని ఒట్టు పెట్టుకుంటాడు. మళ్ళీ పంటకి మళ్ళీ వస్తాడు.

మొదటి కిష్‌కిష్ నాటిక 20 నిమిషాలది. జనం ఎగబడ్డారు. ఎందుకంటే హాల్లో కూర్చున్న వాళ్ళలో కిష్‌కిష్‌లు నిజంగానే ఉన్నారు. వాళ్ళని చూసి నవ్వుకునే పట్నం వాళ్ళూ ఉన్నారు. ఒకే జోక్ ఇద్దరికీ అమ్మొచ్చు. కొద్దికాలంలోనే రిహానీ తన సొంత నాటకశాలకి మారాడు. అరబ్బీ, ఫ్రెంచి కలగలిసిన మాటలు, డాన్సు, పాట, కాస్త అల్లరి కలిపిన ఆ పద్ధతికి ఫ్రాంకో అరబ్ రెవ్యూ అని పేరు. నీతి పాడైపోతోందని పత్రికలు తిట్టాయి. టికెట్లు ఇంకా అమ్ముడయ్యాయి. 1918లో వచ్చిన 'హమార్ వ హలావా' నెలల తరబడి ఆడింది.

అదే వీధిలో ఎదుటి వర్గం అలీ అల్ కస్సార్. ఆయన మొహానికి నల్లరంగు పూసుకుని నూబియా నౌకరు ఉస్మాన్ వేషం వేసేవాడు. వీళ్ళిద్దరి పోటీ మన పాత నాటక కంపెనీల పోటీల్లాగే ఉండేది. రిహానీకి నాటకాలు రాసే అమీన్ సిద్ఖీ కూడా డబ్బు వాటాల దగ్గర పేచీ వచ్చి కస్సార్ వైపు వెళ్ళిపోయాడు.

ఆ పేచీయే రిహానీకి మేలు చేసింది. రచయిత లేక వెతుకుతుంటే ఒకాయన తెచ్చిచ్చిన పాటలు, మాటలు బాగున్నాయి. ఆరా తీస్తే అవి రాసింది ఆయన కాదు, బదీ ఖైరీ అనే కుర్ర మాస్టారు, ఉద్యోగానికి ఇబ్బంది అని వెనక దాక్కున్నాడని తెలిసింది. 1918లో కలిసిన ఆ ఇద్దరు 30 ఏళ్ళు విడిపోలేదు. ఏది ఎవరు రాశారో విడదీయడం కష్టం. వీళ్ళ గురించి ఈజిప్టులో ఒక కథ చెప్పుకుంటారు: ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా బదీ ముస్లిం అని రిహానీకి తెలియదట, తనలాగే క్రైస్తవుడనుకున్నాడట. బదీ ఇంట్లో చావు జరిగి పరామర్శకి వెళ్తే అక్కడ ఖురాన్ పారాయణం వినిపించిందట. ఎందుకు చెప్పలేదురా అంటే, నువ్వెప్పుడూ అడగలేదుగా అన్నాడట. ఇది అక్షరాలా జరిగిందని నేను వాదించను. మా సెక్షన్లో ఈ కథ చెప్పిన పెద్దాయన మాత్రం ప్రతిసారీ చివర్లో కళ్ళజోడు తుడుచుకునేవారు.

ఈ జంటకి మూడోవాడు సయ్యద్ దర్వీష్. ఆధునిక ఈజిప్టు సంగీతానికి తండ్రి అనదగ్గవాడు, 1923లో ముప్పయ్యొకటో ఏట పోయాడు. 1919 ఈజిప్టుకి పెద్ద సంవత్సరం. స్వాతంత్ర్యం అడిగిన నాయకుడు సాద్ జగ్లూల్‌ని బ్రిటిష్ వాళ్ళు మాల్టాకి పంపేశారు, దేశమంతా వీధుల్లోకి వచ్చింది. ఆ ఏడాది రిహానీ నాటకం 'ఖులూలూ'లో దర్వీష్ పెట్టిన పాట 'సాల్మా యా సలామా'. బ్రిటిష్ వాళ్ళు యుద్ధంలో మట్టిపనికి, మూటలు మోయడానికి తోలుకుపోయిన ఈజిప్టు కూలీలు క్షేమంగా ఇంటికి తిరిగొచ్చే పాట అది. 1977లో దలీదా అనే గాయని పాడిన పాటకి మూలం ఇదే. మీ అన్నయ్యకి దలీదా పాట తప్పకుండా తెలిసి ఉంటుంది. క్యాబరేలో పుట్టిన కిష్‌కిష్ చుట్టూ ఇప్పుడు దేశభక్తి పాటలు చేరాయి. తిట్టిన పత్రికలే కొన్ని మెచ్చుకున్నాయి.

అంతలోనే 1920లో ఆయన కంపెనీ 'అల్ అష్రా అల్ తయ్యిబా' అనే సంగీత నాటకం వేసింది. మమ్లూకుల కాలపు తుర్కు దొరల మీద వ్యంగ్యం. దర్శకుడు మన పాత బ్యాంకు అజీజ్ ఈదే. బ్రిటిష్ వాళ్ళతో యుద్ధం చేసిన తుర్కులని తిట్టడమంటే బ్రిటిష్ వాళ్ళకి మేలు చేయడమే అని గొడవ లేచింది. నిన్న దేశభక్తుడు, ఇవాళ ద్రోహి. సంగీతపరంగా అది గొప్ప పని అని తర్వాతి తరం ఒప్పుకుంది కానీ అప్పటి దెబ్బ అప్పుడే తగిలింది.

పెళ్ళి సంగతి తొందరగా చెప్పేస్తాను. బదియా మసాబ్నీ అనే షామ్ దేశపు (సిరియా, లెబనాన్ వైపు) డాన్సరుని, నటిని 1924లో చేసుకున్నాడు. ఇద్దరూ కంపెనీతో సహా దక్షిణ అమెరికా దాకా వెళ్ళి అక్కడి అరబ్బు వలస జనానికి నాటకాలు వేశారు. తిరిగొచ్చాక విడిపోయారు. బదియా 1926లో సొంత నృత్యశాల తెరిచింది. తహియా కరియోకా, సామియా గమాల్ లాంటి తారలు అక్కడి నుంచి వచ్చినవాళ్ళే. రిహానీ మొగుడిగా ఎలాంటివాడో ఆవిడ వైపు కథా ఆయన వైపు కథా కలవవు, నేను తీర్పు చెప్పను.

అసలు విషయానికి వస్తే, 1920ల నడిమికి రిహానీకి కిష్‌కిష్ అంటే వెగటు పుట్టింది. గంభీర నాటకాల కంపెనీ పెట్టాడు. పెద్ద నటుల్ని తెచ్చాడు. విషాద పాత్రలు తనే వేశాడు. జనం రాలేదు. అప్పులు మిగిలాయి. అప్పు తీర్చడానికి మళ్ళీ గడ్డం అంటించుకుని కిష్‌కిష్ కావలసి వచ్చింది. మనలో చాలామంది మొదట తాత్కాలికం అనుకున్న ఉద్యోగంలోనే రిటైరవుతాం కదా, ఆ బాధ ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు.

1931లో ఇంకో ప్రయత్నం. ఫ్రెంచి రచయిత మార్సెల్ పాన్యోల్ నాటకం 'తోపాజ్'ని ఈజిప్టుకి మార్చి 'అల్ గినేహ్ అల్ మస్రీ', అంటే ఈజిప్టు పౌను అని వేశారు. నిజాయితీపరుడైన బడిపంతులు. ఆ నిజాయితీకే ఉద్యోగం పోతుంది. మోసగాళ్ళు అతన్ని పావుగా వాడుకుంటారు. చివరికి అతను వాళ్ళనే మించిపోతాడు. డాన్సు లేదు, కిష్‌కిష్ లేడు. మొదట ఆడినప్పుడు ఘోరంగా దెబ్బతింది. కానీ రిహానీకి దారి దొరికింది. ఫ్రెంచి బడి చదువు ఇక్కడ పనికొచ్చింది: పారిస్ నాటకాల బిగువైన అల్లిక తీసుకోవడం, దానిలోపల పూర్తిగా కైరో మనిషిని కూర్చోబెట్టడం. మూలం ఏదో తెలిసినా అనువాదం అనిపించదు. మన దగ్గర ఇలా అనుసరణలు రాసేవాళ్ళు బదీ, రిహానీ ఎలా చేశారో ఒకసారి చూడాలి. వాళ్ళు కథ తెచ్చుకున్నారు, మాట మాత్రం ఒక్కటి కూడా తెచ్చుకోలేదు.

ఆ కైరో మనిషి ఎవరంటే ఎఫెండీ. కోటు, మెడకి టై, తల మీద ఎర్ర తర్బూష్ టోపీ. చదువుకున్నాడు, ప్యూన్ సలాం కొడతాడు, నెలాఖరుకి జేబులో చిల్లర ఉండదు. పైన పటారం, లోన లొటారం. వ్యవసాయ బ్యాంకులో, పంచదార ఫ్యాక్టరీలో రిహానీ తనే ఆ మనిషి. 1930ల తర్వాత ఆయన నాటకాలన్నిటిలో దాదాపు ఇతనే తిరుగుతాడు. డబ్బున్నవాళ్ళ ఇంట్లోకి పొరపాటున అడుగుపెట్టి, వాళ్ళ కన్నా మర్యాదగా మాట్లాడి, వాళ్ళ పరువు తీసి బయటికొస్తాడు.

1940ల్లో వేసిన 'హసన్, మొర్కోస్, కోహెన్' దీనికి మంచి ఉదాహరణ. ఒక ముస్లిం, ఒక క్రైస్తవుడు, ఒక యూదుడు కలిసి మందుల దుకాణం నడుపుతారు. అబ్బాస్ అనే పేద ఉద్యోగికి వారసత్వంగా ఆస్తి రాబోతోందని అతనికన్నా ముందు వీళ్ళకి తెలుస్తుంది. అంతే, అతన్ని ఒప్పందంలో ఇరికించి భాగస్వామిని చేసేస్తారు. పిసినారితనంలో, ఆశలో మూడు మతాలూ సమానం. తర్వాత కొన్నేళ్ళకే ఈజిప్టు యూదులు చాలావరకు దేశం వదిలిపోయారు. 2008లో ఆదిల్ ఇమామ్, ఒమర్ షరీఫ్ నటించిన ఒక సినిమా పేరు 'హసన్, మొర్కోస్'. కోహెన్ పేరు అందులో లేదు.

ఇప్పుడు సినిమాలు. రిహానీ పది దాకానే చేశాడు. 1931లో కిష్‌కిష్ బేగా తెర మీదికి వచ్చాడు. 1934లో పారిస్‌లో తీసిన 'యాకూత్', 1936లో ఇంకొకటి. ఇవి ఆయనకే నచ్చలేదు, వాటిని వదిలేయండి. 1935లో తలాత్ హర్బ్ పెట్టిన స్టూడియో మిస్ర్ మొదలయ్యాకే ఆయనకి సరైన సినిమా దొరికింది.

1937, 'సలామా ఫీ ఖేర్'. దర్శకుడు నియాజీ ముస్తఫా. సలామా ఒక బట్టల కంపెనీలో బంట్రోతు. కంపెనీ డబ్బు బ్యాంకులో కట్టమని పంపిస్తారు. వెళ్ళేసరికి బ్యాంకు మూసేశారు. ఇంత డబ్బు ఇంట్లో పెట్టుకుంటే దొంగలు పడతారని భయపడి పెద్ద హోటల్‌కి చేరతాడు. అక్కడ దిగిన విదేశీ యువరాజు సరదాకి తన చోట ఇతన్ని యువరాజుగా నిలబెడతాడు. ఎందరు సలాములు కొడుతున్నా సలామా చెయ్యి మాత్రం ఆ డబ్బు సంచిని వదలదు. నేను అకౌంట్స్ మనిషిని కాబట్టి చెప్తున్నా, పరాయి డబ్బు చేతిలో ఉన్నవాడి టెన్షన్ ఇంత బాగా ఎవరూ చూపించలేదు.

1941లో 'సీ ఉమర్'. ఎస్టేటు లెక్కల్లో దొంగతనం పట్టుకున్న నిజాయితీ గుమాస్తా. 1946లో 'లేబెత్ ఇస్సిత్', తహియా కరియోకా పక్కన. 1947లో 'అబూ హల్మూస్'. ఇందులో ఎస్టేటు మేనేజరుకి దొంగలెక్కలు ఎలా రాయాలో మన గుమాస్తా పాఠం చెప్పే సీను ఉంది. వాడు మోటుగా రాసుకొచ్చిన పెద్ద అంకెల్ని చూసి, ఇంత మోటుగా రాస్తే ఎవరు నమ్ముతారని ఒక్కో ఖర్చునీ ముక్కలు చేసి, ఒక ప్రమాదం నుంచి ఇంకో ప్రమాదం పుట్టించి, మేనేజరే నోరు తెరిచేలా చేస్తాడు. నిజాయితీపరుడికి దొంగ కన్నా దొంగతనం బాగా తెలుసు, అయినా చేయడు. కువైట్‌లో మా ఆడిటర్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ సీను గుర్తు చేసేవారు. ఆడిటర్ కూడా ఈజిప్టు ఆయనే, ఆయనే ముందు నవ్వేవారు.

మీరు చూసిన సినిమా 'గజల్ అల్ బనాత్' అయి ఉంటుంది, 1949. మీరు చెప్పిన ఏడుపు సీను ఇంకెక్కడా లేదు. పేరులోనే శ్లేష ఉంది. మనం పీచుమిఠాయి అనేదాన్ని ఈజిప్టులో 'గజ్ల్ అల్ బనాత్' అంటారు, అమ్మాయిల నూలు అని. అక్షరం అదే, పలుకు కాస్త మారిస్తే అమ్మాయిలతో సరసం అని అర్థం. నోట్లో పెట్టగానే కరిగిపోయేదే రెండూ.

అన్వర్ వగ్దీ తీశాడు. అప్పటి ఆయన భార్య, గొప్ప గాయని లైలా మురాద్ నాయిక. రిహానీ హమామ్ అనే అరబ్బీ మాస్టారు. బడిలో ఉద్యోగం పోతే, పాషా బిరుదున్న ఒక పెద్ద దొరగారి అమ్మాయికి పాఠం చెప్పడానికి భవంతికి వస్తాడు. అక్కడ మంచి బట్టల్లో ఉన్నవాణ్ణి చూసి పాషా గారే అనుకుని వంగి దండం పెడతాడు. వాడు పాషా గారి కుక్కని చూసుకునేవాడు. మాటల్లో వాడి జీతం ఎంతో బయటపడుతుంది. పిల్లలకి చదువు చెప్పి తను తెచ్చుకున్నదానికన్నా ఎంతో ఎక్కువ. ఆ అంకె విన్నాక రిహానీ మొహం చూడండి. కోపం రాదు. మనసులో కూడికలు తీసివేతలు చేసుకుంటున్నట్టు ఉంటుంది. 1931లో ఎవరూ చూడని ఆ బడిపంతులు 18 ఏళ్ళ తర్వాత ఇలా తిరిగొచ్చాడు.

అమ్మాయి చిలిపిది. ముసలి మాస్టారికి ఆశ పుడుతుంది. ఇద్దరూ కలిసి పాడే ఒక పాట "నా కన్ను అదురుతోంది" అని మొదలవుతుంది. కన్ను అదిరితే ఏదో జరుగుతుందన్న నమ్మకం నైలు ఒడ్డునా ఉంది, కృష్ణ ఒడ్డునా ఉంది! మా ఆవిడకి ఈ సినిమా మీద ఇష్టం పుట్టింది ఆ పాట దగ్గరే.

చివరికి ఒక రాత్రి అమ్మాయిని ఒక మోసగాడి చేతిలోంచి తప్పించి, ఒక ఇంట్లోకి పరిగెత్తుతారు. అది యూసుఫ్ వహ్బీ ఇల్లు. వహ్బీ అంటే ఈజిప్టు విషాద నాటకానికి మకుటం లేని మహారాజు, 1920ల నుంచి రిహానీకి ఎదురు శిబిరం. ఆయన ఆయనగానే కనిపిస్తాడు. లోపల మహమ్మద్ అబ్దుల్ వహాబ్ పెద్ద వాద్యబృందంతో 'ఆషిక్ అల్ రూహ్' పాడుతున్నాడు. ఏ ఆశా పెట్టుకోకుండా ప్రేమించే ఆత్మ గురించిన పాట. మాస్టారు కుర్చీలో కూర్చుని వింటాడు. అమ్మాయి చూపు పక్కనున్న కుర్రాడి వైపు ఉంది. ఆయనకి అర్థమవుతుంది. ఒక్క మాట లేదు. నోటితో బతికిన నటుడు నోరు మూసుకుని ఏడుస్తాడు. గ్లిజరిన్ వద్దన్నాడని చెప్పుకుంటారు.

ఆస్ట్రియా రాజు వేషంలో ఏడిపించబోతే నవ్విన హాలు గుర్తుందా? ఈసారి ఎవరూ నవ్వలేదు. కానీ ఆ సంగతి ఆయన చూడలేదు. జ్వరం ముదిరి 1949 జూన్ 8న కైరోలోని గ్రీకు ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి 60 ఏళ్ళు. సినిమా ఆయన పోయిన కొన్ని నెలల తర్వాత విడుదలైంది.

రిహానీ రంగస్థలం మాత్రం మనకి దక్కలేదు. 30 ఏళ్ళు రోజూ నాటకం వేసినవాడి ఒక్క ప్రదర్శన కూడా పూర్తిగా ఫిల్ము మీద లేదు. ఉన్నదాంట్లో దగ్గరిది ఏమిటంటే, ఆయన పోయాక బదీ ఖైరీ కంపెనీని నడిపాడు. బదీ కొడుకు ఆదిల్ ఖైరీ రిహానీ వేషాలు వేశాడు. 1960లో ఈజిప్టు టీవీ వచ్చాక వాటిలో కొన్ని రికార్డు చేశారు. 'హసన్, మొర్కోస్, కోహెన్' ఉంది. 'ఇల్లా ఖంసా' ఉంది, అందులో నటి మేరీ మునీబ్ కొత్తగా పనికొచ్చిన మనిషిని "నువ్వొచ్చింది ఏం పని చేయడానికి?" అని మళ్ళీ మళ్ళీ అడిగే సీను ఈజిప్టు పిల్లలకి కూడా కంఠతా వచ్చు. ఆదిల్ ఖైరీ పాపం 1963లో చిన్న వయసులోనే పోయాడు. గురువుగారి నీడలో నటించాడని కొందరు తీసిపారేస్తారు, నాకు మాత్రం ఆ నీడ చాలు. తర్వాత తరంలో హాస్యనటుడు ఫువాద్ అల్ ముహందిస్ మాట విరుపులో రిహానీ వినిపిస్తాడు. ఇమాదుద్దీన్ వీధిలో ఆయన పేరుతో నాటకశాల కూడా ఉంది.

ఏ వరసలో చూడాలంటే, మీరు చివరిది ముందే చూసేశారు కాబట్టి ఇప్పుడు 'సలామా ఫీ ఖేర్' చూడండి, భాష తెలియకపోయినా కథ అందుతుంది. ఆ తర్వాత 'సీ ఉమర్'. 'అబూ హల్మూస్' మాత్రం సబ్‌టైటిల్స్ లేకుండా వద్దు, లెక్కల సీను మొత్తం మాటల్లోనే ఉంది. అప్పుడు మళ్ళీ 'గజల్ అల్ బనాత్'కి రండి, ఈసారి మీ అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకోండి. కుక్క కాపరి సీను దగ్గర ఆయన కూడా తడబడితే, ఆపి ఇక్కడ అడగండి. మాటకి మాట తెలుగులో రాసి పెడతాను.